మందలు ఇంటికొచ్చే వేళకు తిప్పిన గడియారం

కంప్యూటర్ పెట్టిన ప్రతి యంత్రంలోనూ రెండు గడియారాలుంటాయి. ఒకటి మనకు కనిపించేది. తెర మీద గంట, నిమిషం చూపిస్తుంది. దాన్ని ఎవరైనా ముందుకు తిప్పవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. రెండోది ఎవరికీ కనిపించదు. కరెంటు వచ్చిన క్షణాన సున్నాతో మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఇప్పుడు పగలో రాత్రో దానికి తెలియదు. ఏ ఊరో, ఏ దేశమో తెలియదు. ఎంతసేపు గడిచిందన్నది ఒక్కటే తెలుసు. దాన్ని వెనక్కి తిప్పడానికి దారి లేదు. ఆ యంత్రాన్ని తయారుచేసినవాడికి కూడా లేదు.

ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, ఆ రెండో గడియారం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అరచేతంత బోర్డులో, బియ్యపుగింజంత చోట, ఎవరూ చూడని ఒక లెక్క ఎన్నడూ తప్పకుండా నడుస్తూ ఉంటుంది. ఒకచోట దాన్ని అడగవలసిన ప్రశ్నను నేను మొదటి గడియారాన్ని అడిగాను. అందువల్ల బేస్తవారిపేట దగ్గర ఒక ఊళ్ళో ఒకామె చేతికి చెడ్డపేరు వచ్చింది. ఆ పేరు నలుగురిలో పెట్టింది నా నోరే. అది తప్పని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మాది మార్కాపురం. నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. నేను హైదరాబాదులో చాలాకాలం డ్రైవర్లు రాసే ఉద్యోగం చేశాను. డ్రైవర్ అంటే ఇక్కడ బండి నడిపే మనిషి కాదు. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాం. ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చన్నప్పుడు మళ్ళీ మార్కాపురం వచ్చేసి, పలకల దుకాణాల బజారులో ఒక మిద్దె మీద గది తీసుకున్నాను. ఉద్యోగం పనితోపాటు సొంతంగా ఏదైనా చేయాలన్న కోరికతో గుడ్లు పొదిగే మిషను ఒకటి తయారుచేశాను. చెక్కపెట్టె వడ్రంగి చేశాడు. లోపల హీటరు, ఫ్యాను, గుడ్లు పేర్చే ట్రేలు, వాటన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు. హీటర్‌ను కాసేపు వెలిగిస్తూ, ఆర్పుతూ నడిపే డ్రైవర్ నేనే రాశాను. ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి దాన్ని పంపిస్తే వాళ్ళు తీసుకున్నారు కూడా. ఆ రోజు బజారులో కనిపించినవాళ్ళందరికీ టీలు ఇప్పించాను.

ఆ మొదటి మిషను బేస్తవారిపేట దగ్గరి ఆ ఊళ్ళో నాటుకోళ్ళు పెంచుదామనుకున్న ఒక పొదుపు సంఘం ఆడవాళ్ళు తీసుకున్నారు. ఎక్కువమంది కూలిపనులకు పోయేవాళ్ళు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. గుడ్లు పెట్టాల్సింది ఎవరన్న ప్రశ్నే ఆ ఊళ్ళో రాలేదు. అందరూ ఒక్కామె వైపే చూశారు.

ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి. ఆమెది మంచి హస్తవాసి అని ఆ చుట్టుపక్కల పేరు. ఎవరి ఇంట్లో కోడి పొదుగుకొచ్చినా ఆమెను పిలిచేవాళ్ళు. గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప మేకు, రెండు బొగ్గుముక్కలు పెట్టి, ఆ పైన ఒక్కొక్క గుడ్డూ ఆమె చేత్తో పెట్టించుకునేవాళ్ళు. అదీ సాయంత్రం పూటే. మేతకు పోయిన గొర్రెలు, బర్రెలు ఇళ్ళకు తిరిగొచ్చే వేళకు పెడితే పిల్లలు కూడా మందలు మందలుగా లేస్తాయని వాళ్ళ నమ్మకం. కంది గింజ మొదటిది భూమిలో వేయాలన్నా, కొత్త పొయ్యి వెలిగించాలన్నా ఆమె చేయే కావాలి. ఆమెకు సొంత భూమి లేదు. ఊళ్ళో ఆమెకున్న ఆస్తి ఆ చేయి.

మిషను మొదలుపెట్టే రోజు పిలిచిన పెద్దమనిషి తనకు మధ్యాహ్నమే వీలవుతుందన్నాడు. చర్చి పక్కన షామియానా వేశారు. వరండాలో మిషను పెట్టి, వైర్లు కలిపి, లోపల వేడి ముందే ఎక్కించి ఉంచాను. తెర మీద గంట, వేడి చూపే ఎర్రటి అంకెలు వెలిగాయి. గుడ్ల బుట్టలు వచ్చాయి. అప్పుడు ఊరందరూ అవ్వా అని పిలిచే ఒక ముసలామె కర్ర ఊపుతూ అడ్డం వచ్చింది.

"ఎండ నడినెత్తిన ఉంటే గుడ్లు పెడతారా ఎవురన్నా? మందలొచ్చే యాళ కావాల."

"అవ్వా, ఇది కోడి కాదు, మిషను. దీనికి యాళాపాళా తెలవదు" అన్నది సంఘం లీడరు.

"తెలవకుంటే ఆ అంకెలు ఎందుకు యెలుగుతాండాయి? ఊరికే లైటు బుగ్గలు పెట్టినాడా అబ్బయ్య?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. గుడ్ల బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని అంకెల వైపు చూస్తూ, "తమ్ముడా, దీని గడియారం మార్చొచ్చా?" అని అడిగింది.

"మార్చొచ్చక్కా. ఇదిగో ఈ రెండు బటన్లు. ఇది ముందుకు, ఇది వెనక్కి."

నేనే చూపించాను. ఆమె వేలు పట్టుకుని బటను మీద పెట్టినంత పని చేశాను. నా మిషను ఇంత సులువు అని అందరూ చూడాలని నా గొప్ప.

ఆమె గడియారాన్ని సాయంత్రం ఆరుకు తిప్పింది. "అవ్వా, మందలొచ్చేసినాయి" అంటే, అవ్వ కర్ర పక్కన పెట్టి, "అట్ల చెప్పు" అని కూర్చున్నది. అక్క చేతులు కడుక్కుని గుడ్లన్నీ ట్రేలలో పేర్చింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. తలుపు మూశాను. హీటర్ లైటు వెలిగింది. "సాయంత్రం దాకా తలుపు ఎవరూ తెరవొద్దు, వేడి పోతుంది" అని చెప్పాను. పెద్దమనిషి ఫోటో దిగేటప్పుడు లీడరు అక్క చెవిలో, "గడియారం సరిచెయ్యి, ఫోటోలో తప్పు టైము పడతాది" అన్నది. అక్క మళ్ళీ మధ్యాహ్నానికి తిప్పేసింది. అందరం అన్నాలకు పోయాము.

సాయంత్రం వచ్చి చూసేసరికి తెర మీద వేడి సరిగ్గా ఉన్నట్టే చూపిస్తున్నది. కాని వరండాలో ఒక వాసన. తలుపు తెరిస్తే కొలిమి మూత తీసినట్టు గాలి ముఖాన కొట్టింది. ఒక గుడ్డు తీసి పగలగొట్టాను. తెల్లసొన గట్టిపడి ఉంది. ఇంకొకటి, అదీ అంతే.

"ఉడికినాయి" అన్నదెవరో. "పిల్లలకు కాదు, కూరకు పెట్టినట్టుండాదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవన్నీ ఇంటింటినుంచీ ఏరి తెచ్చిన గుడ్లు. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"గడియారం ఎవరు ముట్టుకున్నారు? నడిచే మిషనులో గడియారం మారిస్తే ఇట్లే అవుతుంది. మిషనులో తప్పేం లేదు. తిప్పినవాళ్ళ చేతిలో ఉంది."

అక్క నా ముఖంలోకి చూసింది. "నువ్వే కదా తమ్ముడా..." అని ఆగింది. నేను వంగి వైర్లు విప్పడం మొదలుపెట్టాను. ఆ వాక్యం ఆమె పూర్తి చేయలేదు. పూర్తి చేయనీయకుండా నేను వీపు తిప్పాను.

చేతిలో ఉంది అన్న మాట నేను బటన్ల గురించి అన్నాను. ఊరు దాన్ని ఆమె చేతి గురించి విన్నది. "పాస్టరు గారు ప్రార్థన చేసినాక కూడా చెడిపోయినాయంటే ఇంకేముంది, ఆమె చెయ్యే" అన్నారు. మంచి చేయి అని నమ్మినంత గట్టిగానే చెడ్డ చేయి అనీ నమ్మారు. మిషను నాకు తిప్పి పంపారు. దాన్ని గదిలో ఒక మూల పెట్టి గుడ్డ కప్పాను. తర్వాత చేసిన మిషన్లలో గడియారం బటన్లు తీసేశాను. పుండుకు మందు వేయకుండా కట్టు కట్టడమంటే అదే. ఒకసారి గిద్దలూరు బస్సులో పోతుంటే వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. "ఆమెను మాత్రం పిలవొద్దమ్మా, ఆమె చెయ్యి కరెంటు మిషన్నే ఉడికించింది" అంటున్నారు. నేను కిటికీ అవతల నల్లమల కొండలు చూస్తూ కూర్చున్నాను.

ఇంక రెండో సంగతికి వస్తాను. అది ప్రపంచమంతటి సంగతి.

మన కంప్యూటర్లలో చాలావాటికి కాలం 1970 జనవరి ఒకటిన మొదలవుతుంది. అప్పటినుంచి గడిచిన సెకన్లను లెక్కపెట్టుకుని, దాన్నిబట్టి ఇవాళ తారీఖు ఎంతో చెబుతాయి. మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసింది కూడా ఆ సంవత్సరమే. మావాళ్ళు ఏ మాట చెప్పినా "కర్నూలులో ఉన్నప్పుడు" అనో "జిల్లా మారినాక" అనో చెప్పేవాళ్ళు. యంత్రాలకు కూడా అక్కడే గీత పడిందని మొదటిసారి తెలిసినప్పుడు నవ్వుకున్నాను.

ఆ సెకన్ల లెక్కను పాతకాలంలో ముప్పై రెండు గళ్ళున్న పెట్టెలో పెట్టారు. 2038 జనవరిలో ఆ పెట్టె నిండుతుంది. నిండిన మరుక్షణం పాత యంత్రం తాను 1901లో ఉన్నాననుకుంటుంది. అది రాకుండా ఎన్నో ఏళ్ళుగా ఎక్కడెక్కడివాళ్ళో పని చేస్తూ వచ్చారు. పాత పెట్టెలో కాలం అడిగే ఫంక్షన్లను, అంటే ఆ చిన్న ప్రోగ్రాం ముక్కలను, ఒక్కొక్క డ్రైవర్‌లోనుంచీ తీసి, పెద్ద పెట్టె ఉన్న కొత్తవాటిని పెట్టడం ఆ పని. ఎవరి డ్రైవర్‌నో ఇంకెవరో తెరుస్తారు. రెండు వరుసలు మారుస్తారు. ఎందుకు మార్చారో నాలుగు మాటలు రాసి, అందరూ చదివే మెయిలింగ్ లిస్టుకు పంపుతారు. ఇంకొకరెవరో చదివి సరే అంటారు, లేదా ప్రశ్న వేస్తారు. ఇట్లా ఆ మార్పులన్నీ నేను వరసగా చదివాను. స్కానర్లు, కెమెరాలు, సముద్రంలో లోతు కొలిచే పరికరాలు, ఇప్పుడు ఎవరూ వాడని సౌండు కార్డులు. ఎక్కడో ఒక్కటి మిగిలి ఉంటుందేమోనని ఒక్కటీ వదల్లేదు. తమకెవరో తెలియని మనుషుల యంత్రాలు, ఇంకా రాని ఒక రోజున తప్పు లెక్క వేయకూడదని ఇంత మంది ఇంత ఓపికగా కూర్చుని చేయడం చూస్తే నాకు గుళ్ళో నిలబడ్డట్టుండేది. అందరూ మార్చిన తర్వాతే ఆ పాత ఫంక్షన్‌ను పూర్తిగా తీసేయడానికి వీలవుతుంది. చివరిదాకా మిగిలిన కొన్నిటిలో నా హీటర్ డ్రైవర్ ఒకటి.

సరే, ఎంత పని. పాత ఫంక్షన్ పేరు తీసి కొత్తదాని పేరు పెట్టాను. పంపించాను. మరునాడు పొద్దున కాఫీ తాగుతూ చూస్తే జవాబు వచ్చి ఉంది. నేనెన్నడూ చూడని, ఏ దేశమో కూడా సరిగా తెలియని మనిషి. ఆయన రాసిన దాని సారాంశం ఇది: "పెట్టె పెద్దదయింది, బాగుంది. కాని ఇక్కడ మీకు కావలసింది ఇప్పుడు ఎంతయిందనా, హీటర్ వెలిగి ఎంతసేపయిందనా? హీటర్ వెలుగుతుండగా ఎవరైనా గడియారం వెనక్కి తిప్పితే ఏమవుతుంది?"

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

ఏమవుతుందో చూడ్డానికి ఆ మూలనున్న మిషను మీది గుడ్డ తీశాను. హీటర్ బదులు ఒక మామూలు బల్బు తగిలించాను. నేను రాసినట్టే అది లెక్క ప్రకారం కాసేపు వెలిగి ఆరుతూ, మళ్ళీ వెలుగుతూ ఉండటం చూశాను. గడియారం సాయంత్రం ఆరుకు తిప్పాను. బల్బు వెలిగేదాకా ఆగాను. వెలగగానే మళ్ళీ మధ్యాహ్నానికి తిప్పాను.

బల్బు ఆరలేదు.

కూర్చుని చూస్తూనే ఉన్నాను. నా డ్రైవర్ వెలిగిన వేళను సాయంత్రం ఆరు అని గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు ఎంతయిందని అడిగితే మధ్యాహ్నం అని జవాబు వస్తున్నది. అంటే వెలిగి ఇంకా సున్నా సేపు కూడా కాలేదని దాని లెక్క. మళ్ళీ ఆ సాయంత్రం వచ్చేదాకా అది ఆరదు. హీటర్ ఆరినప్పుడే లోపలి వేడి కొలవమని రాసింది కూడా నేనే. అందుకే తెర మీది అంకె ఆ రోజు మారలేదు. వేడి మితిమీరితే కరెంటు తెంచే విడి పరికరం ఒకటి పెట్టి ఉండవలసింది. పెట్టలేదు. కింద బజారులో పలకల లారీకి లోడు ఎత్తుతున్నారు. ఆ బల్బు తెల్లగా, నిమ్మళంగా, ఎవరి మీదా కోపం లేకుండా వెలుగుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం మేము అన్నాలు తింటూ ఉండగా వరండాలో ఆ మిషను లోపల జరిగింది ఇదే. గడియారం తిప్పడం తప్పు కాదు. గడియారం ఉన్నదే తిప్పడానికి. తిప్పినా చెడకుండా ఉండవలసింది నేను రాసినది.

రెండో గడియారాన్ని అడిగేట్టు డ్రైవర్ మార్చాను. నాలుగు వరుసలు. మళ్ళీ అదే పరీక్ష చేస్తే, గడియారాన్ని ఎటు తిప్పినా బల్బు తన పాటికి తాను వెలుగుతూ ఆరుతూ ఉంది. మార్పుతోపాటు రాసే మాటల్లో, "ఈ తప్పు డ్రైవర్‌ది, గడియారం మార్చినవారిది కాదు" అని రాశాను. తీసుకున్నారు. ఆ వాక్యం ఆ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్రలో ఉంటుంది. ఎవరూ చెరపలేరు. కాని బేస్తవారిపేట దగ్గర ఆ ఊళ్ళో దాన్ని చదివేవాళ్ళు ఎవరూ లేరు.

బస్సెక్కి పోయాను. అక్క ఒకరి కళ్ళంలో మిరపకాయల తొడిమలు తీస్తున్నది. తల పైకెత్తి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవురూ... మిషను తమ్ముడా?"

"అక్కా, ఆ రోజు తప్పు నీది కాదు. నాది."

ఆమె ఇంకొక కాయ తీసుకుంది. తొడిమ తుంచింది. "ఇన్నాళ్ళకు తెలిసిందా?"

"మొన్ననే తెలిసిందక్కా. డ్రైవర్‌లో..."

"ఆ బటన్లు చూపించింది నువ్వే. అది మొన్న తెలిసిందా?"

ఘాటుకు కళ్ళు మండుతున్నాయనుకున్నాను.

"లేదక్కా. అది ఆ రోజే తెలుసు."

"ఊఁ." ఇంకో రెండు కాయల తొడిమలు తుంచింది. "నేను చెడగొట్టలేదని నాకు తెలుసులే. నాకు చెప్పేదానికి ఇంత దూరం రావాల్నా? అందరిలో అన్నావు. అందరిలోనే చెప్పు."

ఆదివారం ఆరాధన అయిపోయాక సంఘం ఆడవాళ్ళు అదే వరండాలో కూర్చున్నారు. నేను సంచిలో ఒక పలక, ఇంకా చీల్చని ఒక పలకరాయి ముక్క తెచ్చుకున్నాను. పలక మీద సుద్దతో గంట రాసి, చేత్తో తుడిచి ఇంకో గంట రాశాను. తెర మీద గడియారం ఇట్లాంటిది, ఎన్నిసార్లయినా తుడిచి రాసుకోవచ్చు అన్నాను. తర్వాత రాయి అంచు చూపించాను. పొర మీద పొర. ఒకటి పడినాకే ఇంకొకటి. పడిన పొరను ఎవరూ వెనక్కి తీయలేరు. "మిషను లోపల ఇట్లాంటి లెక్క ఇంకొకటుంది. హీటర్ ఎంతసేపు వెలగాలో ఈ రాయిని చూసి చెప్పాల్సింది, నేను పలక చూసి చెప్పించాను. ఈ అక్క మీరందరూ కోరినట్టే గడియారం తిప్పింది. ఎట్లా తిప్పాలో చూపించింది నేను. గుడ్లు ఉడికించింది నేను రాసిన ప్రోగ్రాం. ఆమె మీదికి నెట్టింది నేను."

పలక, రాయి ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి పోయాయి.

"ఇప్పుడు అట్ల చెప్తాండావు" అన్నది లీడరు. "ఆ పొద్దు ఇట్ల చెప్పితివి. మేము దేన్ని నమ్మాల?"

"నమ్మొద్దు వదినా" అన్నది అక్క, నేను నోరు తెరిచేలోపలే. లీడర్ని ఆమె వదినా అని పిలుస్తుంది. "ఎవురి మాటా నమ్మొద్దు. మిషను తెమ్మను. గుడ్లు నేను పెడతా. గడియారం నేను తిప్పుతా, నాకిష్టమొచ్చినన్నిసార్లు. లేస్తే లేచినాయి."

"లేయకుంటే?"

"లేయకుంటే ఇంగ నన్ను దేనికీ పిలవొద్దు. ఇప్పుడు మాత్రం పిలుస్తాండారా ఏంది!"

గుడ్లు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. అక్క తన ఇంట్లో ఉన్నవి తెచ్చింది. పాస్టరు గారి భార్య కొన్ని తెచ్చి పెట్టింది. అవ్వను అడిగితే, "చూస్తాం కదా" అన్నది. బల్బు తీసి హీటర్ మళ్ళీ తగిలించి, మిషనును ఆటోలో వేసుకొచ్చాను. కరెంటు తెంచే పరికరం కూడా ఈసారి పెట్టాను. అయినా వైర్లన్నీ రెండుసార్లు తడిమి చూశాను. ఇప్పుడు చెడితే చెడేది నా మిషను కాదు, మిగిలున్న కాస్త ఆమె పేరు.

ఆమె గడియారాన్ని సాయంత్రం ఆరుకు తిప్పింది. చేతులు కడుక్కుంది. ట్రే మూలలో ఇనుప మేకు, బొగ్గుముక్కలు పెట్టి నా వైపు చూసింది. పెట్టుకోమన్నాను. గుడ్లు పేర్చింది. తలుపు మూసి, హీటర్ లైటు వెలిగేదాకా ఆగి, గడియారాన్ని మధ్యాహ్నానికి తిప్పింది. అక్కడ ఆగలేదు. పొద్దునకు తిప్పింది. నడిరాత్రికి తిప్పింది. అంకెలు పిచ్చిపట్టినట్టు పరుగెత్తాయి. అందరూ లైటు వైపే చూస్తున్నారు. లైటు ఆరింది. కాసేపటికి మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది.

"యేందే ఇది" అన్నది లీడరు చిన్న గొంతుతో. "మనం యేం చేసినా పట్టించుకోవడంల్యా."

ఆ మూడు వారాలూ ఆ మిషనులో గడియారం ఒక్కనాడూ సరిగ్గా లేదు. వరండా పక్కగా పోయే ప్రతి ఒక్కరూ వచ్చి బటను నొక్కి పోయేవాళ్ళు. "ఈ పొద్దు ఏ దేశం టైము అక్కా?" అని ఎగతాళి. అక్క నవ్వి ఊరుకునేది. నేను రోజు విడిచి రోజు పోయి చూసేవాణ్ణి. ఒక రోజు ఆమె ఒక గుడ్డును టార్చి వెలుగు మీద పెట్టి చూపించింది. లోపల ఎర్రటి దారాల్లాంటి నరాలు, మధ్యలో ఒక చుక్క కొట్టుకుంటున్నది. నేను ఇంతకాలం రెండే గడియారాలనుకున్నాను. ఇది మూడోది. దీనికి బోర్డు లేదు, రాసినవాడు ఎవరో నాకు తెలియదు. వేడి తగిలిన క్షణం నుంచి లెక్క మొదలుపెట్టి, ఏ రోజుకు కన్ను, ఏ రోజుకు ముక్కు, ఏ రోజుకు ఈక అని తప్పకుండా ముందుకే పోతున్నది. నేను చేసిందల్లా దాని లెక్కకు అడ్డం రాకుండా ఉండటం. అంతమాత్రం కూడా మొదటిసారి చేతకాలేదు నాకు.

చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. "తమ్ముడా, లోపలినుంచి అరుపులు వినిపిస్తాండాయి. గుడ్డు పగలకుండానే అరుస్తాండాయి." నేను పోయేసరికి వరండా నిండా జనం. తలుపు అద్దంలోంచి ఒక గుడ్డు మీద చిన్న నెర్రె. దానిలోంచి ముక్కు మొన ఒకటి. పెంకు కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. ఎవరూ తొందరపెట్టలేదు. తడిసిన ఈకలతో ఒక పిల్ల పక్కకు ఒరిగి పడగానే, వరండా అంతా ఒకేసారి ఊపిరి వదిలింది. అన్నీ లేవలేదు. కొన్ని మురిగినవీ ఉన్నాయి. అవి గడియారం వల్లా కాదు, చేతి వల్లా కాదు, ఏ కోడి కిందైనా కొన్ని అట్లా మిగులుతాయని లీడరే చెప్పింది. అది ఆమె నోట రావడం నేను విన్నాను.

పిల్లలన్నిటినీ గంపలోకి మార్చేసరికి పొద్దు వాలింది. ఖాళీ ట్రేలు తుడుస్తున్నాను. వీధిలో దుమ్ము లేచింది. గొర్రెలు ఇళ్ళకు వస్తున్నాయి. ఆ దుమ్ములోంచి అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. రెండో చంకలో ఒక కోడి, రెక్కలు బిర్రబిగించి గుర్రుమంటున్నది.

"మీ మిషను సంగతి నాకు తెలవదు" అన్నది. "ఇది పొదుగుకొచ్చి రెండు పొద్దులయింది. నువ్వొచ్చి గుడ్లు పెట్టు."

అక్క వెంటనే లేవలేదు. "నా చెయ్యి మంచిది కాదంటివే అవ్వా?"

"అంటి. అన్నది నేనొక్కదాన్నేనా? రాకుంటే మానె, కోడిని పట్టుకుని ఎంతసేపు నిలబడాల నేను? చెయ్యి లాగుతాండాది."

అక్క నా వైపు తిరిగి, "తమ్ముడా, ఎంతయింది?" అని అడిగింది. అలవాటుగా నేను మిషను తెర వైపు చూశాను. అందులో ఏదో నడిరాత్రి వెలుగుతున్నది.

"కళ్ళు లేవా ఇద్దురికీ? మందలొస్తాండాయి కదా!" అన్నది అవ్వ.

అక్క చేతులు కడుక్కుంది. ఖాళీ అయిన ట్రే మూలలోంచి ఇనుప మేకు, బొగ్గుముక్కలు ఏరి కొంగున కట్టుకుని, గొర్రెలను చేత్తో పక్కకు తోసుకుంటూ అవ్వ వెనక నడిచింది.